యాభై ఐదు వేల ప్యాకేజీ, లేపాక్షిలో ఊరికే దొరికిన ఫోటో

పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకుంటానని మా చెల్లి అంటే, అమ్మ పెట్టిన షరతు ఒక్కటే: "అక్కను వెంటబెట్టుకుని వెళ్ళు." అలా గండికోట, లేపాక్షి షూట్‌కి నేను కాపలా మనిషిగా బయల్దేరాను. తీరా వెళ్ళాక నాకు పడిన పని వేరు, గౌను తోక విసరడం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

హైదరాబాద్‌లో మాట్లాడుకున్నది 55,000. రెండు రోజులు, ఇద్దరు మనుషులు, ఫోటోలు, వీడియో, డ్రోన్ అన్నీ అందులోనే అన్నాడు ఫోటోగ్రాఫర్. అడ్వాన్సు 25,000 చేతిలో పడ్డాక ఒక్కొక్కటీ బయటపడింది. డ్రోన్‌కి 8,000 వేరే. గౌను అద్దె 3,500 వేరే. రంగు పొగ డబ్బా ఒక్కోటి 350, ఆరైనా ఉండాలట. వాళ్ళ తిండి, గదులు కూడా మనవే. "అందరూ ఇస్తారు మేడమ్" అన్న మాట ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో! మీరు మాట్లాడుకునేటప్పుడు 'అన్నీ' అనే మాటను నమ్మకండి. ఏమేమిటో వాట్సాప్‌లో రాయించుకోండి.

ప్రయాణం బాగానే సాగింది. రాత్రి పదింటికి జమ్మలమడుగు చేరాం. అక్కడి నుంచి కోట పదిహేను కిలోమీటర్లు. గది కూడా ఫోటోగ్రాఫర్ చూసిపెట్టిందే. గదికి 2,200 చొప్పున మూడు గదులు. తలుపు తీయగానే ఫినాయిల్ వాసన, దాని వెనకే దాన్ని మించిన ఇంకో వాసన. దుప్పటి మీద ఎవరిదో తలనూనె మరక. సరే, నాలుగు గంటల నిద్రకి ఎందుకులే అని చున్నీ పరుచుకుని పడుకున్నాం.

తెల్లవారుజామున నాలుగింటికి లేచేసరికి కరెంటు లేదు. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు, మోటారు లేదు కాబట్టి నీళ్ళు లేవు. కింద కౌంటర్ కుర్రాణ్ణి లేపితే, కళ్ళు తెరవకుండానే "బకెట్టు వేడినీళ్ళు యాభై" అన్నాడు. కట్టెల పొయ్యి మీద కాచి తెచ్చాడు, పొగవాసన. డిసెంబరు చలిలో ఆ నీళ్ళతోనే ముగ్గురం కానిచ్చాం. చెల్లి మేకప్ కారులో, నా ఫోన్ టార్చి వెలుగులో. ఐలైనర్ ఒక కంటికి మందంగా, ఒక కంటికి సన్నంగా వచ్చింది. అద్దం చూసుకుని ఏడుపు మొహం పెట్టింది. ఆ ముహూర్తాన మా కాబోయే మరిది "బానే ఉంది కదా" అన్నాడు. కోట చేరేదాకా ఆమె అతనితో మాట్లాడలేదు.

పెన్నా లోయ సంగతి చెప్పాలి. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారే చోట అంచున నిలబడి, ఎండ ఎర్ర బండల మీదికి మెల్లగా దిగుతుంటే చూస్తే, పొద్దుటి బకెట్టు కూడా మరిచిపోతాం. కానీ అక్కడ ఫోటో తీయించుకునేవాళ్ళకి రెండు మాటలు. ఒకటి, ఎరుపు, కాషాయం, ఇటుక రంగు కట్టుకోకండి, బండలో కలిసిపోతారు. మా చెల్లి వంకాయరంగు గౌను ఫర్వాలేదనిపించింది గానీ, ముదురు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్నప్పుడు వచ్చిన ఫోటోలతో దానికి పోలికే లేదు. రెండు, అంచు దగ్గర చాలాచోట్ల కంచె లేదు, గాలి ఎక్కువ.

ఆ గాలిలోనే నా ఉద్యోగం మొదలైంది. నాలుగు గజాల గౌను తోక పట్టుకుని నేను బండ వెనక నక్కాలి. "వన్, టూ, త్రీ" అనగానే పైకి విసిరి, కెమెరాకి కనబడకుండా కూలబడాలి. ఇరవై రెండుసార్లు విసిరాను. నా మోకాళ్ళు అరిగాయి. గౌను గాల్లో గొడుగులా లేస్తే చెల్లి కాలు తడబడింది, మరిది చప్పున నడుం పట్టుకున్నాడు. అసలు ఫోటో అదే! ఆ క్షణంలో ఫోటోగ్రాఫర్ కెమెరా వెనక స్క్రీన్ చూసుకుంటున్నాడు.

తర్వాత పొగ డబ్బాలు. గులాబీ రంగు పొగ గాలికి తిరిగి మరిది తెల్లచొక్కా మీదికీ, చెల్లి గౌను మీదికీ వచ్చింది. తర్వాత డ్రోన్. పెట్టెలోంచి తీశాడో లేదో కాపలా ఆయన వచ్చాడు.

"డ్రోను ఎగరేసేదానికి ల్యేదు సార్. పర్మిషన్ కాయితం ఉండాదా?"

లేదు. ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట. డ్రోన్‌కే కాదు, కెమెరా స్టాండుకీ, సినిమా మాదిరి షూటింగుకీ ముందే అనుమతి తీసుకోవాలి. పదేళ్ళుగా ఇదే పని చేస్తున్నానని చెప్పుకున్న మనిషికి ఇది తెలియదా? తెలుసు. "మేనేజ్ చేద్దాం మేడమ్" అని నన్నే వెయ్యి రూపాయలు అడిగాడు. నేనివ్వలేదు. కాపలా ఆయన కూడా తీసుకునే రకంలా లేడు, పొగ డబ్బాలకీ కలిపి నాలుగు చివాట్లు పెట్టి పంపాడు.

ఎండ నెత్తికెక్కింది, ఆకలి, ఎవరి మొహం చూసినా మంటే. కోట బయట రోడ్డు పక్క బండి దగ్గర ఆగాం. ఉగ్గాని, మిరపబజ్జీ. ప్లేటు 40. బొరుగులు నానీ నానకుండా, పుట్నాలపొడి వేళ్ళకి అంటుకుంటూ, మధ్యలో బజ్జీ కసుక్కున విరిగి, కళ్ళలో నీళ్ళు. మరిది మూడు ప్లేట్లు తిన్నాడు. "వదినా, ఇది పెళ్లి టిఫిన్లలో పెట్టిద్దామా?" అని అడిగాడు. పొద్దుటి నుంచి అతను మాట్లాడిన పొడవైన వాక్యం అదే. చెల్లి నవ్వింది, అలక తీరింది.

మధ్యాహ్నం ఎండలో ఫోటోలు దండగ, కళ్ళకింద నల్లటి నీడలు. ఇది చెప్పింది ఫోటోగ్రాఫర్ కాదు, లైటు పట్టుకునే పిల్లాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. "అక్కా, కోటలో ధాన్యాగారం లోపల వాకిలి వెలుగు బాగుంటాది" అన్నాడు. లోపల చీకటి, వాకిట్లోంచి మెత్తటి వెలుగు ఒక పక్క నుంచే పడుతుంది. చెల్లిని గడపకి రెండడుగులు లోపల కూర్చోబెట్టి, మొహం వెలుగువైపు తిప్పమన్నాడు. ఏ లైటూ లేకుండా మొహం మీద చర్మం చర్మంలాగే కనబడింది. ఫోటోగ్రాఫర్ మాత్రం "నువ్వు లైట్ పట్టుకో చాలు" అని అందరి ముందూ కసిరాడు.

సాయంత్రానికి ఆయనగారికి వేరే పెళ్లి గుర్తొచ్చింది. డ్రోన్ పెట్టె సర్దుకుని, రెండో కెమెరా పిల్లాడి చేతిలో పెట్టి బస్సెక్కాడు. "సేమ్ క్వాలిటీ మేడమ్." రెండో రోజుకి మాకు మిగిలింది పిల్లాడే. అదృష్టం.

తాడిపత్రి మీదుగా లేపాక్షి వెళ్తుంటే దారిపొడుగునా పెళ్లిలో ఏం తీయాలో చెప్తూనే ఉన్నాడు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అడ్డుతెరకి చెరోవైపు ఒక్కో కెమెరా ఉండాలట, తెర తీసిన మొదటి చూపు రెండు వైపులా ఒక్కసారే దొరకాలంటే. తలంబ్రాలప్పుడు షట్టరు వెయ్యో వంతు సెకనుకి పెడితే ఒక్కో గింజా గాల్లో ఆగినట్టు పడుతుందట. కన్యాదానంలో అందరి కెమెరాలూ పళ్ళెం మీద, నీళ్ళ మీదే ఉంటాయి. "నేనైతే అమ్మ మొహం తీస్తా అక్కా" అన్నాడు. చెల్లి కిటికీలోంచి బయటికి చూసింది.

లేపాక్షి వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారంటారు. అందులో పూర్తికాని కల్యాణమండపం ఒకటుంది. కప్పు లేదు, స్తంభాలే. వాటి మీద శివపార్వతుల పెళ్లి. దిక్పాలకులూ ఋషులూ అతిథులుగా వచ్చి నిలబడ్డారు. ఒక్కరూ కెమెరా వైపు చూడటం లేదని మరిది అన్నాడు. ఫోన్లో ఈ సంగతి చెప్తే అమ్మ "సగంలో ఆగిన పెళ్లి మండపంలో ఫోటోలేమిటే?" అని గోల. పిల్లాడు మాత్రం పొద్దెక్కకముందు స్తంభాల నీడలు నేల మీద పొడుగ్గా పడే వేళకి పని కానిచ్చేశాడు. లతామండపం స్తంభాల మీద, చీరల అంచులకి దింపుకునే 'లేపాక్షి డిజైన్లు' చెక్కి ఉన్నాయి కదా, చెల్లి చీర అంచు అలాంటిదే. అంచుని స్తంభానికి ఆనించి చేయి మాత్రమే తీశాడు. ఏది రాయో ఏది పట్టో ఒక్క క్షణం తెలియలేదు.

అసలు ఫోటో వేలాడే స్తంభం దగ్గర వచ్చింది. దాని కింది నుంచి అందరూ తువ్వాలు దూరుస్తారు. ఒక మూల నేలకి ఆనినా మిగతా చోట సందుంది. పిల్లాడు చెల్లి పైటకొంగు ఒకవైపు నుంచి దూర్చమన్నాడు, మరిదిని రెండోవైపు నేల మీద కూర్చోమన్నాడు. లోపల వెలుగు తక్కువ, స్టాండు వాడకూడదు, కాబట్టి కెమెరాని నా హ్యాండ్‌బ్యాగ్ మీద పెట్టి తాను బోర్లా పడుకున్నాడు. కొంగు ఇటు వస్తుందా రాదా అని ఇద్దరూ వంగి సందులోంచి చూస్తూ ఒకరి కళ్ళలో ఒకరు పడ్డారు. నవ్వు ఆగలేదు. క్లిక్.

ఫోటోగ్రాఫర్ ఆల్బమ్ మూడు వారాల తర్వాత వచ్చింది. గండికోట ఆకాశం మొత్తం మార్చేశాడు, ఊదారంగు మబ్బులు, వాటి కింద కొంగల బారు. మిగతా 30,000 ఇచ్చాం. ఎగరని డ్రోన్‌కి 8,000 ఇంకా అడుగుతున్నాడు, నేనింకా ఇవ్వలేదు. గౌను మీద గులాబీ మరకకి అద్దె దుకాణం వాళ్ళు డిపాజిట్‌లో 1,200 కోసుకున్నారు. పెళ్లిలో రెండో కెమెరాకి ఆ పిల్లాణ్ణే 15,000కి మాట్లాడుకున్నాం.

స్తంభం ఫోటో అమ్మకి చూపిస్తే బాగుందనలేదు, బాగాలేదనలేదు. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"పెళ్లి కాకుండానే కొంగుముడి వేయలేదు కదా?"

లేదని నేను ఫోటో పెద్దది చేసి, పైట చివర మరిది వేళ్ళు చూపించాల్సి వచ్చింది.