ఆమ్‌స్టర్‌డామ్ కాలువ ఒడ్డు పాత హోటళ్లు: అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఈ వేసవిలో అమ్మానాన్నల్నో అత్తమామల్నో యూరప్ తీసుకెళ్దామని హోటళ్లు వెతుకుతున్నవాళ్లకు ఈ హెచ్చరిక. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువ ఒడ్డున, 17వ శతాబ్దపు ఇంట్లో హోటల్ అని ఫొటోలు కనబడగానే బుక్ చేసేయకండి. క్యాన్సిల్ చేస్తే పైసా తిరిగి రాని రేటుకైతే అసలే వద్దు. గదులు చిన్నవని అందరూ చెబుతారు, నాలుగు రోజులు ఎలాగోలా సర్దుకుంటాం. సర్దుకోలేనివి మెట్లు. వాటి సంగతి హోటల్ పేజీలో కళ్లకు కనబడేచోట రాయరు.

మేం బుక్ చేసుకున్న హోటల్ పేజీలో సౌకర్యాల కింద లిఫ్ట్ ఉందని స్పష్టంగా ఉంది. అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది కాబట్టి, అది చూసుకున్నాకే డబ్బు కట్టాం. అంతటితో ఆగకుండా, పెద్దవాళ్లున్నారు, మెట్లెక్కలేరు, కింది అంతస్తులో గదులివ్వండి అని విడిగా రాశాం. మీ అభ్యర్థన నమోదు చేసుకున్నాం అని జవాబు కూడా వచ్చింది. తీరా వెళ్లి చూస్తే వీధిలోంచి తలుపు దాకానే నిటారు రాతిమెట్లు. లిఫ్ట్ ఆ మెట్లెక్కి లోపలికి వెళ్లాక మొదలవుతుంది. పెట్టెల్లేకుండా ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. పైగా అది మూడో అంతస్తు దగ్గరే ఆగిపోతుంది. మాకిచ్చిన రెండు గదులూ ఆ పైన, కప్పు కిందున్న అటకలో.

రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. హోటల్ నిండిపోయిందని, రిక్వెస్ట్ పెట్టినంత మాత్రాన గ్యారంటీ కాదని చెప్పింది. కొన్ని గదులకు మెట్ల మీదుగానే వెళ్లాలి అని మీ బుకింగ్‌లోనే ఉంది చూడండి అని ఫోన్‌లో చూపించింది. నిజమే, ఉంది. పిల్లల పాలసీ, పెంపుడు జంతువుల పాలసీ దాటాక, ఇంకోసారి నొక్కితే గానీ తెరుచుకోని చోట ఒక్క వాక్యం. ఏ గదులకు, ఎన్ని మెట్లు అన్నది మాత్రం అందులోనూ లేదు. లిఫ్ట్ ఉందన్న మాట పైన పెట్టి, అది మీ గదికి రాదన్న మాట అడుగున దాచడం నా దృష్టిలో మోసమే. చట్టం ఏమంటుందో ఏమో గానీ, మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ రెండు మాటల మధ్య చాలా తేడా ఉంది.

ఆ చివరి అంతస్తు మెట్లు ఎలా ఉంటాయో చెప్పాలి, ఎందుకంటే ఫొటోల్లో అవి ఎక్కడా కనబడవు. మెట్టు మీద పాదం పూర్తిగా పట్టదు, మడమ బయటికి ఉండిపోతుంది. మలుపులో మెట్టు ఒక పక్క వెడల్పుగా మొదలై రెండో పక్క వేలెడంత అయిపోతుంది. పట్టుకోవడానికి ఒకవైపు గోడకు కొట్టిన మోకు ఉంది, అంతే. అమ్మ చెప్పులు విప్పి నా చేతికిచ్చి, రెండు చేతులతో ఆ మోకు పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కింది. దిగేటప్పుడు మొహం మెట్ల వైపు పెట్టి వెనక్కి దిగాల్సి వచ్చింది. కింద నాన్న చేతులు చాపుకుని నిలబడ్డారు. మర్నాడు ఊరు చూద్దాం రామ్మా అంటే, "మీరెళ్లి రండిరా, నేను మళ్లీ ఆ మెట్లు దిగి ఎక్కలేను" అంది. ఎన్నాళ్ల నుంచో అనుకుని, వీసా టెన్షన్లన్నీ పడి తీసుకెళ్లిన మనిషి గదిలో కిటికీ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. ఈ పోస్టు రాస్తున్నది ప్రధానంగా అందుకే.

ఇది ఆ ఒక్క హోటల్ సమస్య కాదు కాబట్టి దాని పేరు కన్నా దాని వెనకున్న కారణం తెలుసుకోవడం మీకు ఎక్కువ పనికొస్తుంది. 1613లో ఊరిని పెంచుతూ తవ్వడం మొదలుపెట్టిన హెరెన్‌గ్రాహ్ట్, కైజర్స్‌గ్రాహ్ట్, ప్రిన్సెన్‌గ్రాహ్ట్ కాలువల వెంట ఉన్నవి వర్తకుల ఇళ్లు. కాలువ వైపు స్థలానికి గిరాకీ ఎక్కువ కాబట్టి ఇళ్లు ముందు సన్నగా, వెనక్కి పొడుగ్గా, పైకి ఎత్తుగా కట్టారు. పై అంతస్తులు చాలావాటిలో సరుకు నిల్వకే. సరుకు మెట్ల మీద మోసేవాళ్లు కాదు, ఇంటి నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన దూలానికి తాడు కట్టి కిటికీలోంచి లాగేవాళ్లు. ఆ దూలాలు, కొక్కేలు ఇప్పటికీ చాలా ఇళ్ల నొసట కనబడతాయి. ఇవాళ్టికీ అక్కడివాళ్లు ఇల్లు మారితే సోఫా, బీరువా కిటికీలోంచే ఎక్కిస్తారు. సొంత ఇంటివాళ్లే మంచం మెట్ల మీద ఎక్కించలేని చోట, మనం 23 కిలోల పెట్టె ఎక్కించాలి. ప్రిన్సెన్‌గ్రాహ్ట్‌లోని అన్నే ఫ్రాంక్ ఇల్లు చూసినవాళ్లకు అక్కడి మెట్లు గుర్తుండే ఉంటాయి. 1635లో కట్టిన ఇల్లది. మ్యూజియం అయితే ఒక్కసారి ఎక్కి దిగితే సరిపోతుంది, హోటల్లో రోజూ ఎక్కాలి.

ఈ కాలువల ప్రాంతాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇళ్లలో చాలావరకు రక్షిత కట్టడాలు. అలాంటి ఇంట్లో దూలాలు కోసి లిఫ్ట్ గుంత పెట్టాలంటే అనుమతి కావాలి, అది అంత తేలిగ్గా రాదు. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. ఇలాంటి హోటళ్లు తరచుగా పక్కపక్కనున్న రెండు మూడు ఇళ్లను లోపల కలిపి చేసినవి. ఒక ఇంట్లో లిఫ్ట్ ఉంటుంది, మీ గది పక్కింట్లో ఉంటుంది. ఆ ఇంటి అంతస్తు ఎత్తూ ఈ ఇంటి అంతస్తు ఎత్తూ ఒకటి కావు, అందుకని లిఫ్ట్ దిగాక వరండాలో మూడు మెట్లు ఎక్కాలి, మలుపు తిరిగి నాలుగు దిగాలి. పేజీలో మాత్రం లిఫ్ట్ ఉందనే ఉంటుంది, అబద్ధమూ కాదు. దీనికి విరుగుడుగా గ్రౌండ్ ఫ్లోర్ అడుగుతారా, అప్పుడు సుటెరాన్ అనే గది ఇవ్వచ్చు. అది వీధి కన్నా సగం కిందకు దిగి ఉండే గది. దానికీ మెట్లుంటాయి, కిటికీలోంచి దారిన పోయేవాళ్ల కాళ్లు, సైకిల్ చక్రాలు కనబడతాయి.

ఇక గది కొలత. అక్కడ చదరపు మీటర్లలో రాస్తారు, మనకు ఆ లెక్క వెంటనే బుర్రకెక్కదు. 10 చదరపు మీటర్లంటే సుమారు 107 చదరపు అడుగులు, అంటే 12 గజాలు. మన అపార్ట్‌మెంట్‌లో 12 బై 10 బెడ్‌రూమ్ దానికన్నా పెద్దది, అదీ బాత్రూమ్ కలపకుండా. హోటల్ వాళ్ల కొలతలో చాలాసార్లు బాత్రూమ్ కూడా కలిసే ఉంటుంది. అటక గది అయితే కప్పు ఏటవాలుగా దిగే చోటు కూడా ఆ లెక్కలోదే, అక్కడ మనిషి నిలబడలేడు. నాన్న పొద్దున లేవగానే దూలానికి తల కొట్టుకున్నారు. మంచం డబుల్ అని రాసినా వెడల్పు 140 సెంటీమీటర్లే ఉండొచ్చు, అంటే నాలుగున్నర అడుగులకు కాస్త ఎక్కువ. మన క్వీన్ సైజు మంచమే ఐదడుగులు. పెద్ద సూట్‌కేస్ నేల మీద తెరవడానికి చోటు లేదు, మంచం మీద పెట్టి తీసుకోవాలి, పడుకునే ముందు మళ్లీ దించి నిలబెట్టాలి. బాత్రూమ్ తలుపు తెరిస్తే మంచం అంచుకు తగిలేది. ఫొటోలో ఇవేవీ తెలియవు, వైడ్ లెన్స్‌తో గది మూల నుంచి తీసిన ఫొటోలో 12 గజాల గది హాలులా కనబడుతుంది. పిల్లాడు మాతోనే పడుకుంటాడులే అనే అలవాటు మనకుంది, అక్కడ అది కుదరదు. గదికి ఇంతమందే అని ఫైర్ రూల్స్ ఉంటాయి, పసిపిల్లలు తప్ప అదనంగా ఒక్కరిని కూడా ఒప్పుకోరు.

యూరప్ చలిదేశం కదా, ఏసీ ఎందుకు అని మనవాళ్లు ఆ గడి చూడరు. దయచేసి చూడండి. 2019 జూలైలో నెదర్లాండ్స్‌లో మొట్టమొదటిసారి 40 డిగ్రీలు దాటింది. మేం వెళ్లినప్పుడు అంత ఎండ లేకపోయినా, పగలంతా కాగిన పెంకుల కప్పు కింద రాత్రి నిద్ర పట్టలేదు. ఫ్యాన్ లేదు. జూన్‌లో పది గంటలకు గానీ పొద్దు గుంకదు, అందాకా అటక వేడెక్కుతూనే ఉంటుంది. కిటికీ తెరిస్తే కాలువ మీది దోమలు.

డబ్బు విషయం కూడా చెప్పేస్తాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో టూరిస్ట్ ట్యాక్స్ 2024 నుంచి గది అద్దెలో 12.5 శాతం. వ్యాట్ కాకుండా 200 యూరోల గదికి రాత్రికి 25 యూరోలు అదనం. హోటల్ బసల మీద వ్యాట్ కూడా 2026 జనవరి 1 నుంచి 9 శాతం కాస్తా 21 శాతమైంది. కొన్ని సైట్లలో మొదట కనబడే రేటులో టూరిస్ట్ ట్యాక్స్ ఉండదు, చివరి పేజీలోనో హోటల్ కౌంటర్ దగ్గరో తగులుతుంది. పోనీ రేట్లు తగ్గుతాయని చూస్తారా, పాతది ఒకటి మూతపడితే తప్ప కొత్త హోటల్‌కు అనుమతి లేదని 2024లో నగరపాలక సంస్థ తేల్చి చెప్పింది. గదులు పెరగవు, గిరాకీ తగ్గదు. అందుకే 12 గజాల అటక గది కూడా ఆ ధరకు అమ్ముడుపోతోంది.

యూరప్‌లో ఆన్‌లైన్‌లో ఏది కొన్నా 14 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు కదా అని ఒక మిత్రుడు ధైర్యం చెప్పాడు. ఫలానా తేదీలకని చేసుకున్న హోటల్ బుకింగ్‌కు ఆ హక్కు వర్తించదు, యూరోపియన్ యూనియన్ చట్టంలోనే దానికి మినహాయింపు ఉంది. బుకింగ్ సైట్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వాళ్లు హోటల్‌ను అడిగారు, హోటల్ కాదంది, అక్కడితో వాళ్ల పని అయిపోయింది. చివరికి దక్కింది బ్రేక్‌ఫాస్ట్ ఉచితం. అది తినాలన్నా అమ్మ మెట్లు దిగాలి. రోజూ మేమే పైకి తెచ్చిచ్చాం.

కాబట్టి డబ్బు కట్టేముందు రిక్వెస్ట్ బాక్స్‌లో కాదు, హోటల్‌కే నేరుగా మెయిల్ పెట్టండి. లిఫ్ట్ ఉందా అని అడగొద్దు, ఉందనే అంటారు. వీధిలోంచి నా గది మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు ఎక్కాలి, దిగాలి అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు అంకె రూపంలో జవాబు రాకపోతే ఆ హోటల్ వదిలేయండి. అంకె వస్తే, గది నంబరో కనీసం అంతస్తో రాతపూర్వకంగా ఖాయం చేయమనండి. బాత్రూమ్ కలపకుండా గది ఎన్ని చదరపు మీటర్లు, మంచం వెడల్పెంత అన్నవీ అందులోనే అడిగేయండి. వీసాకు హోటల్ బుకింగ్ చూపించాలి కదా అని తొందరపడి చవక రేటు పట్టుకోకండి. ఉచితంగా క్యాన్సిల్ చేసుకోగలిగే బుకింగ్ వీసాకూ సరిపోతుంది, మీకూ భద్రత. సైట్‌లో రివ్యూలు చదివేటప్పుడు మొత్తం రేటింగ్ చూడకండి, రివ్యూల్లో మెట్లు, లగేజీ అనే మాటలు వెతికి అవి మాత్రం చదవండి. వయసైనవాళ్లు రాసినవి దొరికితే ఇంకా మంచిది.

పెద్దవాళ్లతో వెళ్తే నా సలహా కాలువల మధ్య కాకుండా స్లోటర్‌డైక్ స్టేషన్ చుట్టుపక్కల ఉండమని. కొత్త కట్టడాలు, సామానుతో పట్టే లిఫ్టులు, సెంట్రల్ స్టేషన్‌కు రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. స్కిపోల్ విమానాశ్రయం దగ్గరున్నవీ పర్వాలేదు. మనవాళ్లు చాలామంది ఉండే ఆమ్స్టెల్‌వేన్‌లో అయితే ఇండియన్ సరుకుల షాపులు కూడా దగ్గర. అక్కడి నుంచి ట్రామ్‌లో ఊళ్లోకొచ్చి, కాలువలు పడవలో కూర్చుని చూపించండి. ఆ ఊరి అందం ఆ ఇళ్లను బయటి నుంచి చూడటంలో ఉంది, పెద్దవాళ్లకు అది చాలు. వీపు మీద బ్యాగుతో వెళ్లే కుర్ర జంటలైతే ఆ అటక గదుల్లో హాయిగా ఉండొచ్చు, వాళ్లను నేను ఆపను.

ఇప్పటికే డబ్బు వాపసు రాని రేటుకు బుక్ చేసేసినవాళ్లు ఇవాళే హోటల్‌కు మెయిల్ పెట్టండి. డబ్బు వెనక్కి అడిగితే కాదంటారు గానీ, గది మార్చమంటే, కాస్త అదనం కట్టి లిఫ్ట్ వచ్చే అంతస్తుకు మారతామంటే వింటారు, ముందుగా అడిగితే ఖాళీలుంటాయి. లిఫ్ట్ ఉందన్న పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వెళ్లిన రోజు చెక్ఇన్ టైమ్ మధ్యాహ్నం మూడని ఉన్నా పొద్దున్నే వెళ్లి, సామాను కింద పెట్టి, పెద్దవాళ్లను రిసెప్షన్ వాళ్లకు చూపించి అప్పుడే గది ఏదో అడగండి. మధ్యాహ్నం దాటితే కింది గదులు వేరేవాళ్లకు వెళ్లిపోతాయి.