తలుపు దగ్గర చెప్పే ఒక్క మాట: మూడేళ్లకు పైగా పంపిన ఆఫ్టర్ స్కూల్ క్లబ్ గురించి

మా అమ్మాయి రిసెప్షన్‌లో (ఇక్కడి బడుల్లో ఇయర్ 1కు ముందుండే తరగతి) చేరిన 2022 సెప్టెంబరు నుంచి ఇప్పుడు ఇయర్ 3 దాకా, స్కూలుకు ముందూ తర్వాతా పిల్లలను చూసుకునే ఒకే క్లబ్బుకు వెళుతోంది. పొద్దున ఏడున్నరకు దింపుతాం, సాయంత్రం ఆరులోపు తెచ్చుకుంటాం. మేముండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. నాకు వారానికి నాలుగు రోజులు లండన్‌లో ఆఫీసు, మా ఆయనకు ఆసుపత్రిలో షిఫ్టులు. ఫీజులు, ట్యాక్స్-ఫ్రీ చైల్డ్‌కేర్ (పిల్లల సంరక్షణ ఖర్చుకు ప్రభుత్వమిచ్చే సాయం) లెక్కలు ఇక్కడి తల్లిదండ్రులందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: సాయంత్రం పిల్లను అప్పగించేటప్పుడు తలుపు దగ్గర వాళ్లు చెప్పే మాట.

మొదటి రెండేళ్లు అక్కడ ఒక పెద్దావిడ పనిచేసేవారు. ఏ రోజూ ఆవిడ నాతో ‘అంతా బాగుంది’ అని సరిపెట్టలేదు. ‘ఈరోజు చదరంగంలో రెండుసార్లు ఓడిపోయింది, ఏడవకుండా మళ్లీ పావులు పేర్చింది’ అనేవారు. ‘చెప్పులు తారుమారుగా వేసుకుంది, చెబితే ఇలాగే బాగుందంది’ అనేవారు. ఒక్క వాక్యమే, కానీ అది మా అమ్మాయి గురించే తప్ప ఇంకెవరి గురించీ కాదు.

ఇయర్ 1లో ఉండగా ఒకరోజు, ‘టోస్టు అంచులన్నీ పళ్లెంలోనే వదిలేసింది. ఎప్పుడూ ముందు అంచులే తింటుంది కదా, పన్నేమైనా కదులుతోందేమో చూడండి’ అన్నారు. ఇంటికెళ్లి దీపం కింద నోరు తెరిపిస్తే కింది వరుసలో ముందు పన్ను వేలితో తాకగానే ఊగింది. తన మొదటి పన్ను. పొద్దున్నే దింపి చీకటిపడ్డాక తెచ్చుకునే నాకు, నా బిడ్డ టోస్టును ఏ వైపు నుంచి తింటుందో ఇంకొకరు చెప్పారు. ఆ రాత్రి నాకు కలిగిన ధైర్యం అంతా ఇంతా కాదు. మా అపార్ట్‌మెంట్లలో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలకూ, కళ్లు మూసుకుని ఇక్కడే చేర్పించమని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

2024 వేసవిలో ఆవిడ మానేశారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు నెలకొకరు చొప్పున మారారు. తలుపు దగ్గర వాక్యం కూడా మారింది: ‘బాగానే ఉంది.’ రోజూ అదే. మొదట్లో నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పిల్ల తింటోంది, ఆడుతోంది, దెబ్బలేవీ లేవు, ఇంకేం కావాలనుకున్నాను.

ఆ నవంబరులో ఒక బుధవారం. బుధవారాల్లో స్కూల్లో జిమ్నాస్టిక్స్ ఉంటుంది, నాలుగుంపావుకు అయిపోతుంది. క్లబ్బేమో పది నిమిషాల నడక దూరంలో, ఒక చర్చి హాల్లో. మూడున్నరకు పిల్లలందరినీ మెరిసే పసుపు కోట్లు వేసి, జంటలుగా నడిపించుకుని వెళతారు. జిమ్నాస్టిక్స్ పిల్లల కోసం నాలుగుంపావుకు ఇంకొకరు రెండో విడత రావాలి.

ఐదుకు పది నిమిషాలుందనగా, నేను లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కిన కాసేపటికి, స్కూలు ఆఫీసు నుంచి ఫోను. మీ అమ్మాయి ఇక్కడే ఉంది, ఎవరూ రాలేదు, క్లబ్బుకు చేస్తే తీయడం లేదు అన్నారు. నేను క్లబ్బుకు చేస్తే రెండోసారికి ఒక అమ్మాయి తీసింది. ‘ఇక్కడే ఉందండీ, బాగానే ఉంది, ఆడుకుంటోంది’ అంది. ఒకసారి పిలిచి ఫోను ఇవ్వండి అన్నాను. అడుగుల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు. ఆ తర్వాత హాల్లో మా అమ్మాయి పేరు గట్టిగా పిలవడం వినిపించింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. రైలు దారిలోని స్లౌ ఊరు దాటుతోంది, బయట కటిక చీకటి. పిల్ల స్కూల్లో భద్రంగా ఉందని తెలిసి కూడా నా చేతులు వణికాయి.

ఎందుకు జరిగిందో తర్వాత తెలిసింది. హాలుకు చేరాక ఆ రోజు బుకింగ్ ఉన్న పేర్లన్నిటికీ కొత్తగా వచ్చిన మనిషి వరుసగా టిక్కు పెట్టేసింది. రెండో విడతకు వెళ్లాల్సిన మనిషి ఆ కాగితం చూసి, అందరూ వచ్చేశారనుకుంది. పేరు పక్కన టిక్కు ఉంది, పిల్ల లేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆలస్యం కాదు, ఆ టిక్కు. చూడకుండానే ‘బాగానే ఉంది’ అన్న ఆ మాట.

క్లబ్బు మేనేజరు పరుగున వెళ్లి తీసుకొచ్చారట. నేను చేరేసరికి మా అమ్మాయి కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కారులో ఇంటికి వచ్చేటప్పుడు, ‘అమ్మా, నన్ను లెక్కపెట్టలేదా?’ అని అడిగింది. రోడ్డు దాటే ముందు, దాటాక తలలు లెక్కపెడతారని దానికి తెలుసు.

న్యాయంగా చెప్పాలంటే, ఆ తర్వాత మేనేజరు ప్రవర్తించిన తీరుకు తప్పు పట్టలేను. ఆ రాత్రే ఫోను చేశారు, సాకులు చెప్పలేదు, జరిగింది జరిగినట్టు రాసి పంపారు, బడులను, ఇలాంటి క్లబ్బులను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్‌కు కూడా తామే తెలియజేశామన్నారు. ఇప్పుడు రెండో విడత పిల్లలకు ఎర్ర కాగితం మీద వేరే జాబితా ఉంది. పిల్ల ఎదురుగా నిలబడి పలికితేనే టిక్కు, స్కూలు ఆఫీసులో సంతకం. ఏడాది దాటింది, మళ్లీ పొరపాటు జరగలేదు.

కానీ తలుపు దగ్గర ఆ పెద్దావిడ చెప్పేలాంటి వాక్యం తిరిగి రాలేదు. దానికి నేను అక్కడి పిల్లలను చూసుకునేవాళ్లను నిందించను. పొద్దున గంటన్నర, సాయంత్రం రెండున్నర గంటలు, మధ్యలో ఖాళీ. స్కూలు ఏడాదిలో 190 రోజులే, సెలవుల్లో ఈ పని ఉండదు. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఆ నాలుగు గంటల జీతంతో ఎవరు ఎంతకాలం ఉంటారు? పైగా స్కూలు వయసు పిల్లల క్లబ్బుల్లో ఇంతమందికి ఒకరు ఉండాలని నిబంధనల్లో అంకె లేదు, తగినంతమంది ఉండాలనే ఉంది. క్లబ్బు గోడ మీద ఉన్న తనిఖీ నివేదికలో కూడా నియమాలు పాటిస్తున్నారనే రాసి ఉంది. పిల్ల టోస్టు అంచులు వదిలేస్తే గమనించే మనిషి ఉన్నారో లేదో అందులో ఎక్కడ రాస్తారు?

నన్ను అడిగేవాళ్లకు ఇప్పుడు నేను చెప్పేది వేరు. క్లబ్బువాళ్లు పిలిచిన రోజున కాకుండా, ముందు చెప్పి ఒక మామూలు రోజు ఐదుంపావుకు వెళ్లండి. పిల్లలను అప్పగించేటప్పుడు తలుపు దగ్గర ఏం మాట్లాడుతున్నారో వినండి. మీ పిల్లకు స్కూలు అయ్యాక ఇంకో తరగతి ఉంటే, రెండో విడత జాబితా ఎవరి చేతిలో ఉంటుందో అడగండి.

మా సంగతి వేరు. దగ్గర్లో చుట్టాలు లేరు. మా అమ్మ విజిట్ వీసా మీద వచ్చినా ఆరు నెలలకు మించి ఉండే వీలు లేదు. ఆరు దాటితే పావుగంటకు ఐదు పౌండ్ల జరిమానా ఉన్నా, రైలు ఆలస్యమైన రోజు పిల్ల దగ్గర ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు, అది మాకు చాలా పెద్ద సాయం. మా అమ్మాయికి కూడా అక్కడ ఇద్దరు ప్రాణస్నేహితులున్నారు, మానిపిస్తానంటే ఊరుకోదు. వచ్చే టర్మ్‌కు కూడా డబ్బు కట్టేశాం. బుధవారాలు మాత్రం మా ఆయన షిఫ్టు మార్చుకున్నారు.