టికెట్టా, ఉచితమా, చందానా: పాట వినడానికి ఏది మేలు?

మూడు రకాల జనంలో కూర్చుని పాట విన్నాను. టికెట్ కొనుక్కుని వచ్చిన జనం, ఎవరో ఒకరి ఖర్చు మీద ఉచితంగా వచ్చిన జనం, తలా కొంత చందా వేసుకుని కూడిన జనం. ఒక్కో చోట ఒక్కో తీరు. అది మనుషుల సంస్కారాన్ని బట్టి ఉంటుందని చాలాకాలం అనుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం, డబ్బు ఎవరు పెట్టారన్న దాని మీదే సగం తేలిపోతుందనిపిస్తోంది.

ముందు టికెట్ సంగతి. హైదరాబాద్‌లో ఒక సినిమా పాటల కచేరీకి మా చెల్లెలు, నేను చెరో రెండు వేలు పెట్టి వెళ్లాం. వేల గొంతులు ఒక్కసారిగా చరణం అందుకుంటే ఒళ్లు పులకరించింది, ఆ మాట దాచను. కానీ పల్లవి మొదలైతే చాలు, నా ముందు వరుసలన్నీ ఫోన్లతో నిండిపోయేవి. అంత డబ్బు పోసినప్పుడు ఇంటికి ఏదో ఒకటి పట్టుకెళ్లాలనిపిస్తుంది కాబోలు. తిరిగి వచ్చేటప్పుడు ఎక్కిన ఆటో అతను ఆ సాయంత్రమంతా గేటు బయటే బండి ఆపుకుని విన్నాడట. మేం విన్న పాటలన్నీ వరసగా చెప్పాడు. లోపల ఉండాల్సిన మనిషి బయట ఉన్నాడని ఆ రాత్రంతా బాధేసింది. కచేరీ టికెట్ 500 రూపాయల లోపుంటే జీఎస్టీ లేదు, దాటితే 18 శాతం. అంటే చౌక టికెట్‌కు చట్టంలో చోటుంది, పెద్ద మైదానాల్లోనే అది దొరకడం లేదు.

ఇంతింత ధరలు ఎందుకంటే, నిర్వాహకుల ఆశ ఒక్కటే కారణం కాదు. 1960ల్లో విలియం బామాల్, విలియం బోవెన్ అనే అమెరికా ఆర్థికవేత్తలు ఒక విషయం గమనించారు. ఫ్యాక్టరీలో మనిషి గంటకు చేసే పని ఏటేటా పెరుగుతుంది, సంగీతంలో పెరగదు. ఘనరాగ పంచరత్నాలనే ఐదు కీర్తనలు పాడటానికి వాటిని రాసిన త్యాగరాజస్వామి కాలంలో ఎంతసేపు పట్టిందో ఇప్పుడూ ఇంచుమించు అంతే పడుతుంది. మృదంగం వాయించేవారిని సగానికి తగ్గించలేం. మిగతా జీతాలతో పాటు వాళ్ల పారితోషికమూ పెరగాలి కదా, లేకపోతే ఆ విద్యలోకి పిల్లలు ఎలా వస్తారు? పుస్తకం అలా కాదు. ఒకసారి అచ్చుకు సిద్ధమైతే ఇంకో ప్రతికి అయ్యే ఖర్చు తక్కువ. ఒకరు చదివినంత మాత్రాన రెండోవాళ్లకు తరిగిపోదు.

అలాగని ఉచితమే మేలంటారా? మా వీధి నవమి పందిట్లో ఈమధ్య ఒక్కరే మొత్తం ఖర్చు పెట్టుకుని ఆర్కెస్ట్రా పెట్టిస్తున్నారు. ఆయన వచ్చేసరికి గాయని అనుపల్లవిలో ఉంది. పాట ఆపేశారు. శాలువాలు, దండలు, ప్రసంగాలు అయ్యేసరికి ముప్పావుగంట. పిల్లలు నిద్రపోయారు, పెద్దవాళ్లు లేచి వెళ్లిపోయారు. డబ్బు పెట్టింది ఆయన కాబట్టి ఆపొద్దని అడిగే హక్కు ఎవరికీ లేదు.

దాతలందరూ అలా ఉండరు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ కచేరీలు చేసి సంపాదించిన డబ్బు తమిళనాడులోని తిరువయ్యారులో ధారపోసి 1920ల్లో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించారు. ఏటా ఆ సమాధి దగ్గర జరిగే ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వని రోజుల్లో వాళ్లకు చోటు కోసం పట్టుబట్టారు. ఈనాడు ఆరాధన రోజు అక్కడ ఆడా మగా కలిసి పంచరత్నాలు పాడుతున్నారంటే అందులో ఆవిడ పట్టుదల ఉంది. ఆవిడను తలచుకుంటే చేతులు వాటంతటవే జోడవుతాయి. కానీ అలాంటి మనిషి దొరికేదాకా మనం ఎదురుచూస్తూ కూర్చోలేం.

నా మొగ్గు చందా వైపే. నా చిన్నప్పుడు అదే పందిరికి కుర్రాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వచ్చేవారు. కలిగినవారు వంద ఇస్తే, ఇస్త్రీ బండి ఆయన ఐదు ఇచ్చేవాడు. ఇద్దరి పేర్లూ మైకులో చదివేవారు. హరికథ బాగా లేకపోతే ఆ ఐదు ఇచ్చినాయనే లేచి, వచ్చే ఏడు ఈయన వద్దని అనేవాడు. బాగుంటే అర్ధరాత్రి దాకా కదిలేవాడు కాదు. అంత శ్రద్ధగా వినే జనాన్ని నేను మళ్లీ చూడలేదు.

పుస్తకాల విషయంలో మనవాళ్లు ఇదే పద్ధతిని చట్టంలో పెట్టారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం పడవ మీద పుస్తకాలు పెట్టి కాలువ ఒడ్డు ఊళ్లకు పంపారు. తర్వాత వచ్చిన 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పెద్ద మేడ నుంచి ఎక్కువ, చిన్న ఇంటి నుంచి తక్కువ. చదివే గదిలో మాత్రం అందరికీ ఒకటే బల్ల. పోటీ పరీక్షల కుర్రాళ్లు అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా చదువుకుంటున్నారు. ఆ పన్ను గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు ఏళ్లుగా వింటున్నాం. అది సరిచేయాల్సిన లోపమే, దానివల్ల పద్ధతి తప్పయిపోదు.

కళాకారుడికి న్యాయంగా డబ్బు ముట్టడంలో టికెట్ కొంచెం ముందుంటుంది. చందాలో ఆ విషయంలో బెంగ ఉంటుంది, వసూలు ఎంతవుతుందో ముందుగా తెలియదు కాబట్టి. అందుకే ఈసారి మా వీధిలో ఉగాదికి నెల ముందే రసీదు పుస్తకం అచ్చువేయించమని అడిగాను. మొదటి రసీదు నా పేరున రాశారు. రెండోది ఇస్త్రీ బండి ఆయన కొడుకుది.