కారుణ్య మరణం: తలుపు మూసి ఉంచడం మేలా, గీత గీసి తెరవడం మేలా?

కోలుకునే ఆశ లేని మనిషికి వెంటిలేటర్ తీసెయ్యొచ్చా అన్న చర్చ మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "ఇవాళ దీనికి ఒప్పుకుంటే రేపు మంచాన పడ్డ ముసలివాళ్ల మీదికి వస్తారు, ఎల్లుండి వికలాంగుల మీదికి వస్తారు. ఏకు మేకై కూర్చుంటుంది." తర్కం చదువుకున్నవాళ్లు దీన్ని దోషం కింద జమకట్టి కొట్టిపారేస్తారు. నేను కొట్టిపారెయ్యను. ఏకు నిజంగానే మేకైన సందర్భాలున్నాయి, కానివీ ఉన్నాయి. మొదటి మెట్టు దిగినవాళ్లని రెండో మెట్టు మీదికి నెట్టేది ఏది? ఈ వాదం వినిపించినప్పుడల్లా అడగాల్సింది ఇదే అని నా నమ్మకం.

మన ముందున్న దారులు మూడు. దేనికీ ఒప్పుకోకుండా తలుపు మూసెయ్యడం ఒకటి. చికిత్స ఆపడానికి మాత్రం ఒప్పుకుని, ప్రాణం తీసే ఇంజెక్షన్‌కి ఒప్పుకోకపోవడం రెండోది. ఇండియా ఇప్పుడున్నది ఈ దారిలోనే. నెదర్లాండ్స్, కెనడాల్లో లాగా డాక్టరు సాయంతో మరణాన్ని చట్టబద్ధం చెయ్యడం మూడోది.

తలుపు మూసి ఉంచాలనేవాళ్ల పక్షాన ఒక గట్టి సాక్ష్యం మన సుప్రీంకోర్టులోనే ఉంది. పాత భారత శిక్షాస్మృతిలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన 309 సెక్షన్ చెల్లుతుందని 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 1994లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి అది చెల్లదంది. బతికే హక్కులోనే బతకకుండా ఉండే హక్కూ ఉందన్నది వాళ్ల వాదన. చావబోయి బతికిన మనిషిని జైల్లో పెట్టడమేమిటన్న జాలి అందులో ఉంది, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ తీర్పుని ఆసరా చేసుకుని కోర్టుకెక్కినవాళ్లెవరో చూడండి. పంజాబ్‌లో కోడలి ఆత్మహత్యకి ప్రేరేపించారని శిక్ష పడిన అత్తమామలు. చావడం హక్కయితే, ఆ హక్కు వాడుకోవడానికి సాయం చేసినవాళ్లది నేరమెలా అవుతుంది అన్నారు. జాలితో రాసిన వాక్యం రెండేళ్లు తిరక్కుండానే కోడలి చావుకి కారకులైనవాళ్ల చేతిలో ఆయుధమైంది.

1996 మార్చిలో ఆ అత్తగారి పేరుతోనే నడిచిన జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు జడ్జీల బెంచి 1994 తీర్పుని కొట్టేసింది. చచ్చే హక్కు లేదంది. అయితే మరణం ఎలాగూ దగ్గరపడినప్పుడు గౌరవంగా పోవడం బతికే హక్కులో భాగమే కావచ్చని ఒక సందు వదిలింది. అంటే జారుతున్నవాళ్లు ఆగారు, వెనక్కి ఎక్కారు, సరైన చోట గీత గీశారు. ఒకసారి జారితే ఇక ఆగడం ఉండదనేవాళ్లు ఈ కేసుని సగమే చెప్తారు.

ఇక తలుపు మూసినందువల్ల జరిగే నష్టం మాట. 2004లో హైదరాబాద్‌లో కె. వెంకటేశ్ అనే చదరంగం ఆటగాడు కండరాలు క్షీణించే జబ్బుతో వెంటిలేటర్ మీద ఉన్నాడు. పాతికేళ్లవాడు. అవయవాలు పాడవకముందే వెంటిలేటర్ తీసి, వాటిని వేరేవాళ్లకి ఇవ్వమని అతని కోరిక. తల్లి హైకోర్టుకి వెళ్లింది, కోర్టు ఒప్పుకోలేదు, ఆ డిసెంబరులోనే అతను పోయాడు. బతికున్న మనిషి నుంచి గుండె తీసుకోవడానికి ఒప్పుకుంటే రేపు అవయవాల వ్యాపారులు ఏం చేస్తారన్న భయం న్యాయమైనదే. ఆ వ్యాపారం మన దేశంలో ఉంది కాబట్టి నెట్టేవాళ్లెవరో కళ్లకు కనిపిస్తూనే ఉంది. కోర్టు నిర్ణయం నాకు అర్థమవుతుంది. అయినా ఆ భయానికి మూల్యం కట్టింది వెంకటేశే అని మర్చిపోకూడదు.

ఇంతకన్నా పెద్ద మూల్యం కట్టించిన భయం ఇంకోటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. నల్లమందు నుంచి తీసే నొప్పి మందు మార్ఫిన్ ఆస్పత్రుల్లో దొరికితే మత్తు కోసం వీధుల్లోకి వస్తుందని 1985 మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద ఎన్నో లైసెన్సులు పెట్టారు. మందు నిల్వ ఉంచుకోవడమే తలనొప్పిగా మారి చాలా ఆస్పత్రులు మానేశాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే దేశం మనది. అదే దేశంలో క్యాన్సర్ ఆఖరి దశలో ఉన్నవాళ్లు నొప్పికి అరుస్తూ పోయారు. సడలించడానికి 2014 దాకా పట్టింది. అంటే "వద్దు" అన్నంత మాత్రాన ఎవరికీ హాని జరగదనుకోవడం పొరపాటు. ఆ హాని పత్రికలకెక్కదు, అంతే తేడా.

మూడో దారి సంగతికొస్తే, ఒరెగాన్‌నీ కెనడానీ పక్కపక్కన పెట్టి చూడాలి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర చట్టం 1997లో అమల్లోకి వచ్చింది. ఆరు నెలల్లోపు పోతారని డాక్టర్లు తేల్చిన పెద్దవాళ్లకే అది వర్తిస్తుంది, మందు వాళ్లే తీసుకోవాలి. వేచి ఉండే గడువు, అక్కడే నివాసం ఉండాలన్న నియమం సడలించారు గానీ ఈ అసలు షరతులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కెనడాలో అలా జరగలేదు. అక్కడి సుప్రీంకోర్టు 2015లో భరించలేని బాధని ప్రాతిపదికగా తీసుకుంది. 2016లో పార్లమెంటు చట్టం చేస్తూ, మరణం దగ్గర్లో కనిపిస్తుండాలన్న షరతు చేర్చింది. బాధే ప్రాతిపదికైతే, దీర్ఘకాలం బాధపడేవాళ్లని ఎందుకు మినహాయించాలి? 2019లో క్యూబెక్ కోర్టు ఆ షరతు చెల్లదంది, 2021లో చట్టం మారింది. మానసిక వ్యాధి ఒక్కటే ఉన్నవాళ్లకీ వర్తింపజెయ్యాలన్న నిర్ణయాన్ని 2027 మార్చికి వాయిదా వేశారు. నెదర్లాండ్స్‌లోనూ బాధే ప్రాతిపదిక. 2002లో పన్నెండేళ్లు నిండినవాళ్లకి మొదలై 2024లో అంతకన్నా చిన్నపిల్లల దాకా వచ్చింది. ఇదంతా తప్పని నేననను, చిన్నపిల్లల విషయంలో ఎంతో మథనపడి చేసిన నిర్ణయమది. కానీ మొదట చెప్పిన కారణమే తర్వాతి మెట్టుకి దారి తీసిందన్నది మాత్రం స్పష్టం.

మరి మన దగ్గర నెట్టేది ఏది? ఆస్పత్రి బిల్లు. ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న కొడుకుని చూస్తే ఇది తెలుస్తుంది. రోజుకింత అని కట్టీ కట్టీ, బంగారం కుదువపెట్టి, ఒక సాయంత్రం "ఇంటికి తీసుకెళ్లిపోతాం సార్" అంటాడు. సిబ్బంది ఒక ఫారం తెచ్చి సంతకం పెట్టించుకుంటారు. దాన్ని 'లామా' అంటారు, డాక్టరు సలహాకి వ్యతిరేకంగా వెళ్లిపోవడమని అర్థం. దారిలోనో ఇంటికొచ్చాకో ప్రాణం పోతుంది, నొప్పి తగ్గించే మందు కూడా చేతిలో ఉండదు. తలుపు మూసి ఉంచాలనేవాళ్లు ఈ దొడ్డిదారిని లెక్కలోకి తీసుకోరు. ఏ వైద్య బోర్డూ చూడకుండా, రోగి ఇష్టమేమిటో ఎవరూ అడక్కుండా చికిత్స ఆపడం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. అదే బిల్లు వల్ల మూడో దారి కూడా నాకు ప్రమాదంగా కనిపిస్తుంది. "పిల్లలకి భారమెందుకు" అనుకునే తల్లిదండ్రులున్న చోట, ఇంజెక్షన్‌కి వాళ్లిచ్చే ఒప్పుకోలు ఎవరి ఇష్టమో తేల్చడం చాలా కష్టం.

అందుకే నా ఓటు రెండో దారికి. 2011లో, దాడికి గురై దశాబ్దాలుగా అచేతనంగా ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో చికిత్స ఆపొచ్చన్న సూత్రాన్ని ఒప్పుకుంటూనే, ఆమెకి దాన్ని వర్తింపజెయ్యడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. 1973 నుంచి ఆమెని కంటికి రెప్పలా చూసుకుంటున్న ముంబయి కేఈఎం ఆస్పత్రి నర్సులు వద్దన్నారు, కోర్టు వాళ్ల మాటకి విలువిచ్చింది. 2018లో లివింగ్ విల్‌ని, అంటే కోలుకోలేని స్థితి వస్తే తనకి ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని, గుర్తించారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాసుకునే ఆ కాగితమే బిల్లు ఒత్తిడికి అన్నిటికన్నా పెద్ద అడ్డు. 2023లో దాన్ని సులువు చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. చికిత్స ఆపే ముందు ఒకదాని తర్వాత ఒకటి రెండు వైద్య బోర్డులు చూడాలి. రెండో బోర్డులో జిల్లా ముఖ్య వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరు ఉండాలి.

ఈ దారికీ కాపలా కావాలి. రెండో బోర్డు మొదటి బోర్డు కాగితాల మీద స్టాంపు వేసే పనికి దిగజారితే నా వాదన నిలవదు, అప్పుడు తలుపు మూసెయ్యమన్నవాళ్లదే పైచేయి అవుతుంది. ఒరెగాన్‌లో ఎంతమంది అడిగారు, ఏ జబ్బుతో, ఎందుకు అన్నది ఆరోగ్య శాఖ ఏటా నివేదికగా ప్రచురిస్తుంది. మన జిల్లాల్లోనూ ఎన్ని బోర్డులు కూర్చున్నాయి, ఎన్ని కేసుల్లో కాదన్నాయి, ఎంతమంది 'లామా' ఫారం మీద వెళ్లిపోయారు అన్న మూడు లెక్కలూ పేర్లు లేకుండా ఏటా బయటపెట్టాలి.