బోడెన్‌సే చుట్టూ సైకిళ్ల మీద: పడక జర్మనీలో, భోజనం సంచిలో

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పంచుకునే బోడెన్‌సే సరస్సు చుట్టూ సైకిల్ బాట దాదాపు 260 కిలోమీటర్లు ఉంటుంది. మ్యాపుల్లో కాన్‌స్టాన్స్ సరస్సు అని కనిపించేది ఇదే. మొత్తం చుట్టి వచ్చామని చెప్పుకోవాలనే పట్టుదల లేకపోతేనే ఇక్కడ హాయి. మేం పడమటి కొసన ఉన్న సరస్సు పాయను వదిలేశాం. బోడ్‌మన్ ఊరు దాటాక ఒడ్డున దారి లేక, కొండెక్కి దిగాలి. ఆ శ్రమంతా కోన్‌స్టాంజ్ నుంచి మేర్స్‌బుర్గ్‌కు వెళ్లే ఫెర్రీ పావుగంటలో తప్పిస్తుంది. కార్లతో పాటే సైకిళ్లూ ఎక్కించుకుంటుంది, రాత్రీ పగలూ నడుస్తుంది, ముందుగా బుక్ చేసుకునే పని లేదు.

గడియారం ముల్లు తిరిగే దిక్కున వెళ్లండి. అక్కడ కుడివైపునే నడపాలి కాబట్టి నీళ్లు ఎప్పుడూ మన పక్కనే ఉంటాయి. ఎదురుగా వచ్చేవాళ్లను తప్పించుకుంటూ సరస్సును చూడాల్సిన బాధ ఉండదు. మా ఆయనది మామూలు సైకిలు, నాది బ్యాటరీది. అద్దెకు తీసుకునేటప్పుడే రెండో తాళంచెవి, పంక్చర్ సామాను అడిగి తీసుకోండి. బ్యాటరీ బండి చాలా బరువు, స్టేషన్ మెట్ల మీద మోయాల్సి వస్తే ఇద్దరూ పట్టాల్సిందే.

ఉత్తరపు ఒడ్డులో అందరూ పొగిడే మేర్స్‌బుర్గ్ నిజంగానే బాగుంది. ద్రాక్షతోటల వాలు, పైన పాత కోట, కింద రేవు. బస మాత్రం పై ఊళ్లో తీసుకుంటే ప్రతి సాయంత్రం సైకిల్ నెట్టుకుంటూ రాళ్ల వీధి ఎక్కాలి. మేం దిగింది ఓ కుటుంబం నడిపే చిన్న పెన్షన్‌లో, అంటే ఇంటి లాంటి లాడ్జిలో. గది చిన్నదే అయినా సరస్సు వైపు బాల్కనీ ఉంది. సైకిళ్లు పెట్టుకోవడానికి తాళం వేసే షెడ్డు, అందులోనే చార్జింగ్ ప్లగ్గులు. పొద్దున టిఫిన్‌కు బ్రెడ్డు, ఛీజు, ఉడికించిన గుడ్లు, ఇంట్లో చేసిన ఆప్రికాట్ జామ్. కార్డు తీసుకోరు, నోట్లే. ఈ ఒడ్డున ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి, జేబులో యూరోలు ఉంచుకోండి. వేసవిలో ఒక్క రాత్రికే కావాలంటే చాలామంది గది ఇవ్వరు. అందుకే రెండేసి రాత్రులు ఒకే చోట ఉండి, సామాను గదిలో వదిలేసి తిరగడం మేలనిపించింది.

అక్కడి నుంచి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ వరకు చాలాచోట్ల పెద్ద రోడ్డు పక్కనే వెళ్లాలి, లారీల చప్పుడు. తొందరగా దాటేయండి. ఊళ్లో జెప్పెలిన్ మ్యూజియం మాత్రం వదలొద్దు. జెప్పెలిన్ అంటే గ్యాస్‌తో గాల్లో తేలే భారీ ఓడ. 1900 జూలైలో మొదటి జెప్పెలిన్ ఎగిరింది ఈ సరస్సు మీదే. హిండెన్‌బర్గ్ అనే జెప్పెలిన్‌లోని గదులను అసలు కొలతల్లో మళ్లీ కట్టి చూపిస్తారు. ఆకాశంలో తిరిగే ఓడలో మంచాలు మన రైలు బెర్తుల కన్నా గొప్పగా ఏమీ లేవు!

తర్వాత యాపిల్ తోటలు. లాంగెనార్గెన్ దగ్గర 1898 నాటి వేలాడే వంతెన మీద ఇప్పుడు నడిచేవాళ్లకు, సైకిళ్లకే అనుమతి. అది దాటిన కాసేపటికే ఒడ్డున ఓ స్తంభం మీద నారింజ రంగు దీపం మిణుకుమనడం మొదలైంది. గాలి గట్టిగా వీస్తుందని సూచన అయితే ఆ దీపం నిమిషానికి 40 సార్లు, తుఫాను హెచ్చరిక అయితే 90 సార్లు వెలుగుతుంది. ఆయన వాచీ చూస్తూ లెక్కపెడుతుంటే, తెరచాప పడవలు ఒక్కొక్కటే రేవు వైపు తిరిగాయి. మేం ఓ ఈత కేంద్రం చూరు కింద దూరాం. వాన వచ్చి, దంచి, అరగంటలో వెళ్లిపోయింది. సైకిల్ మీద ఉన్నా ఆ దీపాల మీద ఓ కన్నేసి ఉంచండి. ఫోన్‌లో వాతావరణం యాప్ కన్నా నమ్మకం.

లిండావ్ దీవిలో పగలు కాలు పెట్టలేం. రేవు ముఖద్వారంలో రాతి సింహం, దీపస్తంభం ముందు ఫోటోల కోసం క్యూ కడతారు. ఏడు దాటాక ఊరు ఖాళీ అవుతుంది. దీవి మీద హోటల్ ఖరీదు ఆ సాయంత్రాల కోసం పెట్టొచ్చు, కానీ మా గదికి లిఫ్ట్ లేదు, కిటికీ కింద అర్ధరాత్రి దాకా బార్. వంతెన అవతలి ఒడ్డున ఉంటే డబ్బూ నిద్రా రెండూ మిగులుతాయి.

ఆస్ట్రియా ఒడ్డున ఉన్న బ్రెగెంజ్‌లో జూలై, ఆగస్టుల్లో నీళ్ల మీద వేదిక కట్టి ఒపెరా ఆడతారు. దాదాపు ఏడు వేల మంది కూర్చుంటారు. టికెట్ లేనివాళ్లు ఆ రోజుల్లో అక్కడ గది వెతకొద్దు. కేబుల్ కారులో ఫెండర్ కొండ ఎక్కి, కిందికి దిగి ముందుకు సాగిపోవడం మంచిది.

స్విస్ ఒడ్డున తొక్కడం అన్నిటికన్నా సుఖం. చదునైన దారి, పక్కనే రైలు పట్టాలు, అలసిపోతే తర్వాతి స్టేషన్‌లో ఎక్కేయొచ్చు, సైకిల్‌కు వేరే టికెట్ కొనాలి. బాధంతా బిల్లు దగ్గరే. ఆర్బోన్‌లో ఓ రాత్రి ఉన్నాం. మేర్స్‌బుర్గ్ గదిలో సగం సైజు, బాల్కనీ లేదు, ధర ఎక్కువ. భోజనం సూపర్‌మార్కెట్ బ్రెడ్డు, టమాటాలు, మేం తెచ్చుకున్న కందిపొడితో ఒడ్డున బెంచీ మీద కానిచ్చాం. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి చాలా సిమ్‌లకు ఇక్కడ రోమింగ్ విడిగా పడుతుంది. సరిహద్దు దగ్గర ఫోన్ తనంతట తానే స్విస్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, డేటా ఆపేయండి. షెంగెన్ వీసా మూడు దేశాలకూ చెల్లుతుంది. పాస్‌పోర్టు సంచిలో ఉంటే చాలు, మమ్మల్ని ఎవరూ అడగలేదు.

చేప మాట చెప్పాలి. ఈ సరస్సులో పేరు మోసిన ఫెల్షెన్ చేప కోసం ఆయన ఇంటి నుంచే కలలు కన్నారు. క్వాగ్గా అనే ఆల్చిప్పలు నీళ్లలోని ఆహారమంతా లాగేసుకోవడంతో చేపలు తగ్గి, 2024 నుంచి మూడేళ్లపాటు వాటిని పట్టడమే నిషేధించారు. మెనూలో ఆ పేరు కనిపిస్తే ఎక్కడి చేపో అడగండి. శాకాహారులకు కేజ్‌ష్పెట్జ్‌లే ఉంది, ఛీజు వేసిన పిండి ముక్కల మీద వేయించిన ఉల్లిపాయ. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది.

కోన్‌స్టాంజ్‌లో శనివారం తిరగొద్దు, స్విస్ వాళ్లంతా షాపింగ్‌కు అక్కడే ఉంటారు. ఆదివారం జర్మనీలో కొట్లు మూసేస్తారు, శనివారమే సరుకులు కొనుక్కోండి. ఒక పూట మిగిలితే మైనావ్ పూలతోటా, రైషెనావ్ దీవా అంటే నా ఓటు రైషెనావ్‌కే. పాప్లర్ చెట్ల మధ్య గట్టు మీదుగా సైకిల్‌పైనే వెళ్లొచ్చు, దీవి చూడటానికి టికెట్ లేదు. కూరగాయల మళ్ల మధ్య వెయ్యేళ్ల నాటి చర్చిలున్నాయి, దారి పక్క పెట్టెలో డబ్బులేసి టమాటాలు తీసుకోవచ్చు.