పక్క మీద ఉండే సమయం తగ్గించాక నిద్ర పెరిగింది: రెండున్నరేళ్ల అనుభవంతో నా సమీక్ష

నిద్ర పట్టడం లేదంటే ఎవరైనా చెప్పే మాట ఒక్కటే: పెందలాడే పడుకో. నాలుగేళ్లు నేను చేసిందీ అదే. రాత్రి తొమ్మిదిన్నరకే లైటు ఆర్పేసి, పొద్దున ఆరున్నర దాకా మంచం దిగేదాన్ని కాదు. ఆ తొమ్మిది గంటల్లో నిద్రపోయింది మహా అయితే ఐదున్నర గంటలు. మిగతాదంతా అటూ ఇటూ దొర్లడమే. రెండింటికి మెలకువ, నాలుగింటికి మళ్లీ కాస్త కునుకు, కళ్లు మండుతుండగా లేవడం. సాయంత్రమయ్యేసరికి ఈ రాత్రి ఎలా గడుస్తుందోనని గుండెలో దడ మొదలయ్యేది.

నిద్రమాత్రలు కొన్నాళ్లు వాడాను. మొదటి పది రోజులు బాగా పనిచేశాయి, తర్వాత ఆ ప్రభావం పలచబడింది. ఆఖరికి వెళ్లిన డాక్టరు గారు మందు రాసేముందు చాలా ప్రశ్నలు వేశారు. గురక వస్తుందా, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా గమనించారా, పడుకోగానే కాళ్లు లాగుతాయా, థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేయించారు, ఇలాంటివి. అవేవీ కాదని తేలాక చేతికి ఒక కాగితం ఇచ్చారు. అదే నిద్ర డైరీ. ఈ సమీక్ష ఆ కాగితం గురించీ, దాని వెంట వచ్చిన పద్ధతి గురించీ.

పద్ధతి పేరు సీబీటీ-ఐ, అంటే నిద్రలేమి కోసం చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స ఇది. దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్న పెద్దవాళ్లకు మందులకంటే ముందు దీన్నే ప్రయత్నించాలని 2016లో అమెరికా వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సిఫారసు చేసింది. వారానికి మూడు రాత్రులైనా ఇబ్బంది ఉండి, అది మూడు నెలలు దాటితే దీర్ఘకాలికమని లెక్క. ఇందులో భాగాలు చాలానే ఉన్నాయి గానీ నన్ను మార్చింది మాత్రం స్లీప్ రెస్ట్రిక్షన్, అంటే పక్క మీద ఉండే సమయాన్ని కుదించడం. నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్, ఆయన సహచరులు 1987లో వివరించిన పద్ధతి ఇది.

లెక్క చాలా సులువు. ఎన్నింటికి పక్క మీదికి చేరాను, సుమారుగా ఎంతసేపటికి నిద్రపట్టింది, మధ్యలో ఎంతసేపు మెలకువగా ఉన్నాను, ఎన్నింటికి లేచాను అన్నవి రోజూ పొద్దున్నే రాసుకోవాలి. రాత్రిపూట గడియారం చూడకూడదు, అన్నీ అంచనాలే. వారం, రెండు వారాలు రాశాక నిద్రపోయిన సమయాన్ని పక్క మీద ఉన్న సమయంతో భాగించాలి. నాకు వచ్చింది 61 శాతం. మామూలుగా 85 శాతం పైన ఉండాలి. అందుకని పక్క మీద ఉండే సమయాన్ని నిజంగా నిద్రపోతున్నంత సేపటికి కుదించాలి. అయితే ఐదు గంటలకంటే తగ్గించకూడదు. నాకు కుదిరిన వేళ రాత్రి 12:30 నుంచి పొద్దున 6:00 వరకు.

నిద్ర లేనిదాన్ని ఇంకా తక్కువసేపు పడుకోమనడం అన్యాయంగా తోచింది. ఆ మొదటి మూడు వారాల కష్టాన్ని తగ్గించి చెప్పను. మా ఆయన పదింటికే పడుకుంటారు. ఇల్లంతా నిద్రలో ఉంటే నేను బట్టలు ఇస్త్రీ చేస్తూ, అరలు సర్దుతూ పన్నెండున్నర ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేదాన్ని. సోఫాలో కూర్చుంటే కునుకు వచ్చేస్తుందని వీపు నిటారుగా ఉండే కుర్చీలో కూర్చునేదాన్ని. మధ్యాహ్నాలు తల బరువు, చిన్న మాటకే చిరాకు. ఆ రోజుల్లో బండి నడపలేదు.

రెండో వారం లెక్క తేలినప్పుడు కాగితం వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. 88 శాతం. మొత్తం నిద్ర ఐదు గంటల లోపే, అంటే మునుపటికంటే తక్కువే. కానీ అది ముక్కలు ముక్కలుగా కాక ఒక్కసారిగా పట్టిన నిద్ర. పన్నెండున్నరకి తల వాల్చిందే గుర్తు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని పెద్దలన్నది సరిగ్గా దీని గురించే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటూ ఉంటుంది, అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. తొమ్మిదిన్నరకే మంచమెక్కి నేను ఆ ఆకలి పుట్టకముందే విస్తరి ముందు కూర్చున్నట్టు చేశాను.

ఆపైన లెక్క బాగున్న వారం పావుగంట కలుపుకోవచ్చు, బాగాలేని వారం అక్కడే ఆగాలి. నాలుగో వారంలో నాకు 79 శాతానికి పడిపోయింది, బాగా ఏడ్చాను. అయినా పన్నెండో వారానికల్లా 11:15కి పడుకోగలిగాను. ఇప్పుడు పదకొండు నుంచి ఆరు దాకా పక్క మీద ఉంటాను, అందులో ఆరుంపావు గంటలు నిద్ర.

దీనికి తోడుగా పాటించాల్సింది ఇంకొకటి ఉంది. 1972లో మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్‌జిన్ ప్రతిపాదించిన స్టిములస్ కంట్రోల్ అది. పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్లాలి, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి రావాలి. టీవీ ముందు జోగుతూ, మంచమెక్కగానే మెలకువ వచ్చేసేవాళ్లకు దీని అవసరం వెంటనే అర్థమవుతుంది. పక్క అంటే మెలకువ అని ఒంటికి అలవాటైపోయి ఉంటుంది. దాన్ని మాన్పించాలి. నడిరాత్రి దుప్పటి వదిలి లేవడం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మిగతా ప్రయత్నాలను క్లుప్తంగా చెప్తాను. కాఫీ మధ్యాహ్నం పన్నెండు దాటాక మానేయడం బాగా ఉపకరించింది. కెఫీన్ అడెనోసిన్ చోట్లో తాను కూర్చుంటుంది, శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పడుకోవడానికి గంటన్నర ముందు వేడినీళ్ల స్నానం హాయినిచ్చింది. మెలటోనిన్ వల్ల నాకు పెద్ద తేడా తెలియలేదు. అది ఒంటికి రాత్రయిందని చెప్పే సంకేతమే తప్ప మత్తుమందు కాదు. బరువు దుప్పటి నెలలోపే అటకెక్కింది.

స్మార్ట్ వాచీ మాత్రం నాకు హాని చేసింది. ఏడు నెలలు కట్టుకున్నాను. హాయిగా లేచిన రోజున కూడా గాఢనిద్ర 38 నిమిషాలే అని చూపిస్తే ఆ రోజంతా నీరసంగా అనిపించేది. కదలకుండా మెలకువగా పడుకున్నా అది నిద్రగానే లెక్కేసేది. నిద్ర అంకెల మీద పట్టే ఈ బెంగకు 2017లో పరిశోధకులు ఆర్థోసామ్నియా అని పేరు కూడా పెట్టారు. దాన్ని తీసి సొరుగులో పెట్టిన వారమే నాకు కొంత ఊరట దొరికింది.

ఈ పద్ధతి అందరికీ కాదు. మూర్ఛ ఉన్నవాళ్లకు, బైపోలార్ (ఉత్సాహం, కుంగుబాటు విపరీతంగా మారిపోయే మానసిక రుగ్మత) ఉన్నవాళ్లకు నిద్ర తగ్గించడం ప్రమాదం. పెద్ద వాహనాలు, యంత్రాలు నడిపేవాళ్లూ సొంతంగా మొదలుపెట్టకూడదు. గురకతో ఊపిరి ఆగుతుంటే ముందు స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి. మాత్రలు వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేయకండి. నేను డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించి రెండు నెలల్లో మానాను.

లోపం ఒకటుంది. నిద్రలేమి తిరిగి వస్తుంది. పోయిన ఏడాది మా అమ్మ పోయాక మూడు వారాలు కంటి మీద కునుకు లేదు. పాత భయం మొత్తం వచ్చి మీద కూర్చుంది. కర్మకాండలన్నీ అయ్యాక సొరుగులోంచి ఆ కాగితం తీసి మళ్లీ పన్నెండున్నర నుంచి మొదలుపెట్టాను. ఈసారి దారి తెలుసు. రెండు వారాల్లో నిద్ర దారికొచ్చింది. ఇప్పటికీ నెలకో వారం డైరీ రాస్తాను. కొన్ని రాత్రులు మూడింటికి మెలకువ వస్తుంది. లేచి ముందుగదిలో కూర్చుంటాను, ఆవులింతలు మొదలయ్యాక వచ్చి పడుకుంటాను.