1600 మీటర్లకు ఏది మేలు: నెమ్మది పరుగా, ఇంటర్వెల్సా?

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారయ్యే కుర్రాళ్లలో చాలామంది తెల్లారకముందే గ్రౌండ్‌కొచ్చి, రోజూ స్టాప్‌వాచ్ నొక్కి 1600 మీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తుతారు. మొదటి రౌండు దూకుడు, మూడో రౌండుకి నడుం మీద చేతులు. అన్నిటికన్నా చేటు చేసేది ఈ పద్ధతే. రోజూ పరీక్ష రాస్తే చదువు రాదు కదా!

తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు ఇచ్చిన సమయం 7 నిమిషాల 15 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకి దాదాపు 1 నిమిషం 48 సెకన్లు. ఇంతసేపు సాగే పరుగులో 80 శాతానికి పైగా శక్తి ఆక్సిజన్‌తోనే పుడుతుంది. కాబట్టి ముందు కావలసింది దమ్ము.

దమ్ముకి పునాది నెమ్మది పరుగు. ఆయాసం లేకుండా పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలో 30-40 నిమిషాలు. దీనివల్ల గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపుతుంది, కండరాల్లో సన్నని రక్తనాళాలు, శక్తిని పుట్టించే మైటోకాండ్రియా అనే కణభాగాలు పెరుగుతాయి. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ 800 మీటర్ల రన్నర్ పీటర్ స్నెల్‌తో కూడా వారానికి 100 మైళ్ల పరుగు చేయించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ స్వర్ణం గెలిచాడు. చిక్కల్లా, ఫలితానికి నెలలు పడుతుంది.

ఇంటర్వెల్స్, అంటే మధ్యమధ్య విరామమిస్తూ చేసే వేగం పరుగులు, వారాల్లోనే తేడా చూపిస్తాయి. 400 మీటర్లు 1 నిమిషం 40 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల నడక, ఇలా ఐదారుసార్లు. 1952 హెల్సింకీలో 5000, 10000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన చెకోస్లొవేకియా రన్నర్ ఎమిల్ జాటోపెక్ నమ్ముకున్నది 400 మీటర్ల ఇంటర్వెల్స్‌నే. కానీ గుండె అలవాటుపడినంత త్వరగా ఎముక గట్టిపడదు. సిమెంటు రోడ్డు మీద రోజూ ఇవే చేస్తే మోకాలి కింద ఎముక నొప్పి మొదలవుతుంది. ఆ ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో నొక్కి చూడండి. పొడవునా సలుపుతుంటే విశ్రాంతి ఇవ్వాలి. ఒక్కచోటే సూదిలా గుచ్చితే ఎముకలో చీలిక కావచ్చు, పరుగు ఆపి డాక్టర్‌కి చూపించాల్సిందే.

నాలుగు నెలల గడువుంటే నా ఓటు నెమ్మది పరుగుకే. ఇంటర్వెల్స్ చివరి ఆరు వారాల్లో, వారానికి రెండుసార్లు, మట్టి ట్రాక్ మీద. నెలే మిగిలితే ఆ రెండు రోజులూ ఇప్పుడే పెట్టుకోండి, మిగతా రోజులు మాత్రం నెమ్మదిగానే. పూర్తి 1600 ట్రయల్ రెండు వారాలకోసారి చాలు. అందులోనూ మొదటి రౌండు 1 నిమిషం 45 సెకన్ల కంటే ముందే ముగించకండి.